డబుల్ డ్యూటీ డబ్బు మీద ఇల్లు నడవకూడదు

ప్రశ్న: నా వయసు 36. ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. మావారి వ్యాపారం దెబ్బతిని మూతపడి రెండేళ్లయింది; పాపం, లోపల కుమిలిపోతున్నారు. అప్పటి నుంచి ఆయనకీ, ఇద్దరు పిల్లలకీ, అత్తయ్యకీ నా జీతమే ఆధారం. వ్యాపారం అప్పు కిస్తీలు కూడా నేనే కడుతున్నాను. నా ఏటీఎం కార్డు, బ్యాంకు యాప్ ఆయన దగ్గరే ఉంటాయి. నాకు కావలసినవి అడిగి తీసుకుంటాను. చాలక వారానికి రెండు మూడు డబుల్ డ్యూటీలు చేస్తున్నాను. ఈమధ్య ఒక తెల్లవారుజామున ఇంజెక్షన్ డోసు తప్పుగా ఎక్కించబోతే పక్క సిస్టర్ చూసి ఆపింది. దేవుడి దయ వల్ల ఏమీ కాలేదు. మావారికి ఇది ఇంకా తెలియదు. జీతం పెంచమంటే 'ఇది సేవ, డబ్బుతో కొలవకూడదు' అన్నారు. తమ్ముడేమో లోన్‌కి ష్యూరిటీ సంతకం పెట్టమంటున్నాడు, కాగితాలు వచ్చే వారం తెస్తాడట. ఒక ఏజెంటు విదేశంలో ఉద్యోగం ఇప్పిస్తానని ఫీజు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతున్నాడు. వెళ్లిపోతే ఇవన్నీ తీరతాయా?

జవాబు: అమ్మా, మీరు రెండు ముక్కల్లో చెప్పి దాటేసిన ఆ ఇంజెక్షన్ సంగతే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. షిఫ్టు 12 గంటలు దాటితే నర్సుల పొరపాట్లు బాగా పెరుగుతాయని అమెరికాలో 2004లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. నిద్ర లేకపోతే ఎంత అనుభవం ఉన్నా అంతే. ఆ రోజు సిస్టర్ చూడకపోయి ఉంటే రోగికి ప్రమాదం, మీకు విచారణ. ఉద్యోగానికి ముప్పొస్తే ఇంటికున్న ఒక్క ఆధారమూ పోతుంది. అందుకే ముందుగా తగ్గించాల్సింది డబుల్ డ్యూటీలు. ఏజెంటు, విదేశం సంగతి తర్వాత చూద్దాం.

తగ్గిస్తే ఇల్లెలా గడుస్తుందంటారు. మీ పే స్లిప్పులు ఒక ఆరు నెలలవి తీసి చూడండి. మామూలు డ్యూటీకి చేతికొచ్చేది ఎంత, ఓవర్‌టైమ్‌కీ నైట్ డ్యూటీలకీ వచ్చేది ఎంత, విడదీసి రాయండి. మీ ఇంట్లో ఈ రెండూ ఎప్పుడో కలిసిపోయాయని నా అనుమానం. కష్టకాలం గట్టెక్కడానికి మొదలుపెట్టిన అదనపు డ్యూటీల డబ్బు ఇప్పుడు మామూలు ఆదాయమైపోయింది, ఖర్చులూ అప్పూ దాని మీదే ఆనుకున్నాయి. మీకు జ్వరం వచ్చి నాలుగు రోజులు పడుకుంటే ఆ నెల కిస్తీ తప్పుతుంది. అద్దె, తిండి, చదువులు మామూలు జీతంలో సరిపోవాలి. సరిపోకపోతే ఆ లోటు ఎంతో అంకెల్లో తెలియాలి. ఆ లోటు పూడ్చే బాధ్యత మీ నిద్రది కాదు, ఇంట్లో ఖాళీగా ఉన్న రెండో పెద్దమనిషిది.

ఇక మీవారి గురించి. ఆయనను మీరు ఎక్కడా తిట్టలేదు, 'పాపం, లోపల కుమిలిపోతున్నారు' అని కూడా రాశారు. నిజమే అయ్యుంటుంది. నిన్నటిదాకా నలుగురికి పని ఇచ్చిన మనిషి భార్య సంపాదన మీద బతకాల్సి వస్తే, ఇంట్లో తనకింకా ఒక స్థానం ఉందనిపించుకోవడానికి లెక్కల పెత్తనం పట్టుకుంటాడు. మీ కార్డు ఆయన జేబులో ఉండటానికి అదొక కారణం కావచ్చు. కారణం అర్థమైంది కదా అని దాన్ని కొనసాగనివ్వక్కర్లేదు. సంపాదించే మనిషి తన డబ్బు తాను తీసుకోలేక చెయ్యి చాచాల్సి రావడం మామూలు సర్దుబాటు కాదు. ఎన్నో దేశాల గృహహింస చట్టాలు ఆర్థిక హింసను కూడా లెక్కలోకి తీసుకున్నాయి. మీ ఇంట్లో పరిస్థితి అంతదాకా వెళ్లిందని నేననడం లేదు. కార్డు వెనక్కి అడిగినప్పుడు ఆయన ఏమంటారో దాన్నిబట్టి మీకే తెలుస్తుంది. 'సరే' అని ఇచ్చేస్తే సంతోషం. అలిగి, రెండు రోజులు మాట్లాడకపోయినా ఫర్వాలేదు. బెదిరించినా, చెయ్యెత్తినా మాత్రం ఒంటరిగా మోయకండి. పుట్టింటివాళ్లకి చెప్పండి, న్యాయ సలహా తీసుకోండి.

నైట్ డ్యూటీ దిగి వచ్చిన ఉదయం ఈ మాట ఎత్తకండి. మీకు ఆఫ్ ఉన్న రోజు, అత్తయ్యగారూ పిల్లలూ లేనప్పుడు కూర్చోండి. 'నువ్వు సంపాదించడం లేదు' అని మొదలుపెడితే అక్కడితో తలుపులు మూసుకుంటాయి. రాసుకున్న కాగితం ముందు పెట్టి, ఆ ఇంజెక్షన్ సంగతి చెప్పండి. ఆయనకి అది ఇంకా తెలియదని రాశారు, ఎందుకు దాచారో నాకు అర్థం కాలేదు. తెలియాలి. తర్వాత రెండు విషయాలు అడగండి. మొదటిది, పాత వ్యాపారం స్థాయిది కాకపోయినా ఏదో ఒక పని ఇప్పుడే మొదలుపెట్టడం. సొంతంగా నడిపినవాళ్లకి మరొకరి కింద పనిచేయడం కష్టమే, కానీ రెండేళ్లు తక్కువ సమయం కాదు. రెండోది, పని దొరికేదాకా పిల్లల బడి, వంట, అత్తయ్యగారి మందులు పూర్తిగా ఆయన చూసుకోవడం. సాయంగా కాదు, తన పనిగా. నైట్ డ్యూటీ దిగి వచ్చాక మీరు నిద్రపోయే గంటల్లో తలుపు కొట్టేవాళ్లుండకూడదు.

జీతం ఇకపై మీరొక్కరే నడిపే ఖాతాలో పడాలి. ఇంటి ఖర్చుకి నిర్ణయించిన మొత్తం అక్కడి నుంచి ఉమ్మడి ఖాతాకి వెళ్తుంది, దాన్ని ఆయన నడపవచ్చు. ఆయన గౌరవమూ నిలుస్తుంది, మీ చెయ్యీ ఖాళీ కాదు. ఇంకొకటి: నలుగురు మీ మీద ఆధారపడి ఉన్నప్పుడు మీ పేరున టర్మ్ పాలసీ, ఆరోగ్య బీమా ఉన్నాయా? రోజూ రోగుల మధ్య ఉండే నర్సులే తమకి బీమా తీసుకోవడం మర్చిపోవడం నాకెప్పుడూ వింతగా ఉంటుంది.

ఆస్పత్రి వాళ్లన్న 'సేవ' మాటకి కుంగిపోకండి. ప్రపంచవ్యాప్తంగా నర్సుల్లో అత్యధికులు ఆడవాళ్లే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆరోగ్య, సంరక్షణ రంగంలో స్త్రీల సంపాదన పురుషుల కంటే సగటున సుమారు 20 శాతం పాయింట్లు తక్కువ. వయసు, చదువు, పని గంటలు లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా 24 పాయింట్లకి పెరిగింది. మీకు మాట్లాడటం చేతకాక తక్కువ ఇస్తున్నారనుకోకండి. నర్సుల కోసమే చేసిన అంతర్జాతీయ ఒప్పందం 1977 నుంచి ఉంది. పని గంటలు, ఓవర్‌టైమ్ పరిహారం, వారపు విశ్రాంతి లాంటివి మిగతా ఉద్యోగులతో సమానంగానో ఇంకా మెరుగ్గానో ఉండాలని చెబుతుంది. ఆ కాగితం చూపిస్తే రేపే జీతం పెరుగుతుందని నేనను. ఈసారి మాత్రం ఒక్కరే వెళ్లకండి. మీ యూనిట్‌లో నలుగురైదుగురు కలిసి, గత నెలల డ్యూటీ చార్టు, ఇవ్వని ఓవర్‌టైమ్ గంటలు రాతలో పెట్టి, నర్సింగ్ సూపరింటెండెంట్ ద్వారా పంపండి. ఇన్నేళ్ల ఐసీయూ అనుభవానికి బయట ఎంతిస్తున్నారో కూడా విచారించండి. వేరే ఆస్పత్రి నుంచి ఆఫర్ చేతిలో ఉంటే మాట్లాడే తీరే మారుతుంది.

విదేశం వెళ్లడం తప్పు కాదు. ఎంతోమంది నర్సులు అలా కుటుంబాలను నిలబెట్టారు. ఈ ఏజెంటు మాత్రం వద్దు. ఉద్యోగం ఇప్పించినందుకు పనివాళ్ల దగ్గర ఫీజు వసూలు చేయకూడదన్నది, కొన్ని మినహాయింపులున్నా, అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో పెట్టిన నియమం. ఒరిజినల్ సర్టిఫికెట్లు అతని చేతికిస్తే వెనక్కి రావాలనుకున్నప్పుడు దారి ఉండదు. ఇంటి లెక్క సరిచేయకుండా వెళ్తే అక్కడి జీతం కూడా ఇదే కార్డులోకి, ఇదే పద్ధతిలో పోతుంది, పిల్లలు దూరమవడం అదనం. ఆరు నెలలు ఇల్లు చక్కదిద్దుకుని, ఆ దేశపు నర్సింగ్ పరీక్షకి చదువుకుని, నేరుగా ఆస్పత్రులకో ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలకో దరఖాస్తు చేసుకోండి.

తమ్ముడికి ష్యూరిటీ సంతకం పెట్టకండి. ఒక వ్యాపారం అప్పు మీద మీరిప్పటికే కిస్తీలు కడుతున్నారు. అతను కట్టకపోతే రెండోదీ మీ జీతం మీదకే వస్తుంది. మీకు వీలైనంత చిన్న మొత్తం ఒకసారి ఇచ్చి, 'ఇంతే నా వల్ల అవుతుంది రా' అనండి. అమ్మ ఫోన్ చేసి ఏడవొచ్చు. 'మీ బావగారి అప్పు ఇంకా తీరలేదని అమ్మకి నువ్వే వివరంగా చెప్పు' అని తమ్ముడికే అప్పజెప్పండి. కాగితాలు తెచ్చేదాకా ఆగకుండా ఈ వారమే చెప్పేస్తే అతను వేరే దారి చూసుకోవడానికి వ్యవధి ఉంటుంది.