కుండ, కుమ్మరి, పుట్ట

ప్రశ్న: కుండను చూసి కుమ్మరి ఉన్నాడని తెలుసుకున్నట్లే, ఇంత సృష్టిని చూసి సృష్టికర్త ఉన్నాడని తెలుసుకోవడం సహజమే కదా? దీన్ని కాదనడానికి నాస్తికుల దగ్గర తర్కానికి నిలిచే జవాబు ఉందా? లేక అది పడమటి దేశాల నుంచి అరువు తెచ్చుకున్న ఆలోచనేనా?
– ఒక పాఠకురాలు, అవనిగడ్డ

జవాబు: కుండ, కుమ్మరి ఉపమానం మన నైయాయికులు, అంటే న్యాయ దర్శనాన్ని అనుసరించిన తార్కికులు, ఎంతో కాలంగా వాడుతున్నదే. 10వ శతాబ్దంలో ఉదయనాచార్యుడు ‘న్యాయకుసుమాంజలి’లో ఈశ్వరుడు ఉన్నాడని నిరూపించడానికి ఇటువంటి వాదాలను ఎంతో పకడ్బందీగా కూర్చాడు. అయితే అంతకు దాదాపు మూడు వందల ఏళ్ళ ముందే దానిలోని లోపాన్ని పట్టుకున్నవారు కూడా ఈ నేలవారే. కుండ మట్టితో అయింది కనుక దానికి కుమ్మరి ఉన్నాడంటే, పుట్ట కూడా మట్టితో అయిందే కనుక దాన్ని సైతం కుమ్మరే చేశాడని ఒప్పుకోవలసి వస్తుందని బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఆక్షేపించాడు.

నాగుల చవితినాడు మనం పాలు పోసే పుట్టను ఒకసారి దగ్గరగా చూడండి. చెదపురుగు నోట కరుచుకొచ్చిన మట్టి రేణువును లాలాజలంతో తడిపి అతికిస్తుంది, దాని పక్కన మరొకటి మరో రేణువును పెడుతుంది. అలా పెట్టగా పెట్టగా గదులూ, గాలి ఆడే సొరంగాలూ ఏర్పడతాయి. ఒక పెచ్చు ఊడిపడితే కొద్ది కాలంలోనే ఆ చోటు తడి మట్టితో పూడిపోతుంది. ఇంతా చేసి, మొత్తం పుట్ట ఎలా ఉండాలో తెలిసిన పురుగు వాటిలో ఒక్కటి కూడా లేదు. కుమ్మరి సంగతి వేరు. సారె తిప్పే మనిషిని చూసి ఉన్నాము కనుకనే కుండ వెనుక అతడు ఉన్నాడని అనుకోగలుగుతున్నాము. లోకాలు తయారవుతుండగా చూసినవారు ఎవరూ లేరు.

వేదాన్ని ప్రాణంగా భావించిన మీమాంసకుడు కుమారిల భట్టు ఇంకా లోతుకు వెళ్ళాడు. శరీరం లేనివాడికి సృష్టించాలనే కోరిక ఎలా కలుగుతుంది? శరీరం ఉంటే దాన్ని చేసినది ఎవరు? దయతో సృష్టించాడంటే, జీవులే లేనప్పుడు ఆ దయ ఎవరి మీద? జీవుల కర్మను బట్టి సృష్టించాడంటే, ఆయన స్వతంత్రుడు ఎలా అవుతాడు? మన పెద్దలు నేటికీ సందర్భానికి వాడే ‘ప్రయోజనమనుద్దిశ్య న మందోఽపి ప్రవర్తతే’ అన్న మాట ఈ చర్చలోదే. ప్రయోజనం లేనిదే మందబుద్ధి సైతం పనికి పూనుకోడని దాని అర్థం. ఆ రోజుల్లో నాస్తికుడంటే ప్రధానంగా వేదాన్ని కాదన్నవాడు. కనుక సృష్టికర్తను ఒప్పుకోని కుమారిలుడు ఆస్తికుడిగానే గౌరవం పొందాడు.

నా దృష్టిలో వీటన్నిటికంటే బలమైన వాదం దుఃఖానికి సంబంధించినది. మీ ప్రాంతంవారికి దాన్ని నేను వివరించనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వేలాది ప్రాణాలను తీసుకుపోయింది. యుద్ధాలకూ హత్యలకూ మనిషి స్వేచ్ఛే కారణమని సమాధానం చెప్పవచ్చును గానీ, ఉప్పెనకు ఆ సమాధానం చెల్లదు. పూర్వజన్మ కర్మ అంటారా? బిడ్డను నీటిలో పోగొట్టుకున్న తల్లితో ఆ బిడ్డ పాపం చేసిందని చెప్పడమే అవుతుంది. ఆ మాటను నేను ఎన్నటికీ అంగీకరించలేను. ఈ వాదం వల్ల దేవుడు లేడని పూర్తిగా రుజువు కాదన్నది నిజమే, ఎందుకంటే శక్తి చాలని దేవుడో దయ లేని దేవుడో ఉండవచ్చు. కానీ మనం చేతులు జోడించేది సర్వశక్తిమంతుడూ దయామయుడూ అయిన దేవుడికే కదా.

ఇక అరువు సంగతి. మీ జిల్లాలోనే 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించి, 1947లో దాన్ని విజయవాడకు తరలించిన గోరా గారు దేవుడి ఉనికి కంటే మనిషి స్వేచ్ఛకే ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చారు. భారమంతా పైవాడిదే అనుకున్నంత కాలం మనిషి తన బాధ్యతను గుర్తించడని ఆయన వాదన. ఆ బాధ్యతను మనుషులు తీసుకుంటే ఏమవుతుందో మీ తీరమే చూపింది. 1990 మే నెలలో మరో పెను తుఫాను కృష్ణా తీరాన్ని తాకినప్పుడు, హెచ్చరికలు ముందే అంది లక్ష మందికి పైగా ప్రజలను సురక్షిత స్థలాలకు తరలించారు; ఆ తుఫానులో మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది.