డిసెంబరు 4: విశాఖకు ఎందుకంత ముఖ్యం?

ప్రశ్న: డిసెంబరు 4వ తేదీని నౌకాదళ దినోత్సవంగా ఎందుకు ఎంచుకున్నారు? చరిత్రలో ఆ రోజుకు ఇంకేమైనా ప్రాముఖ్యం ఉన్నదా?
– ఒక పాఠకురాలు, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: 1971 యుద్ధంలో ఆ రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ రేవుపై దాడి చేసి పాకిస్తాన్ యుద్ధనౌకలను ముంచివేశాయి, దినోత్సవానికి కారణం అదే. అయితే విశాఖవాసులు మరువరానిది దానికి ముందు రాత్రి. విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుకుతూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, 3వ తేదీ అర్ధరాత్రి దాటిన వేళ మన రేవుకు చేరువలోనే పేలిపోయి, అందులోని వారందరితో సహా మునిగిపోయింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు తరలిపోయింది. యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ జారవిడిచిన డెప్త్ ఛార్జీలే (నీటి లోతున పేలే బాంబులే) ఘాజీ మునకకు కారణమని మన నౌకాదళం చెబుతుండగా, పాకిస్తాన్ దానిని అంగీకరించదు. రామకృష్ణా బీచ్‌లోని ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం ఆ యుద్ధ విజయానికి స్మారకమే.

1829లో గవర్నర్ జనరల్ బెంటింక్ సతీసహగమనాన్ని నిషేధించినది కూడా ఈ తేదీనే.

ఇక జననాలలో, మన దృష్టిలో, అగ్రస్థానం ఘంటసాలదే. 1922లో కృష్ణా జిల్లా చౌటపల్లిలో జన్మించిన ఆయన, విశాఖకు పొరుగునే ఉన్న విజయనగరానికి వచ్చి, ఇంటింటా మధుకరం ఎత్తి కడుపు నింపుకుంటూ, పట్రాయని సీతారామశాస్త్రి గారి వద్ద సంగీతం అభ్యసించారు.