నిండుకుంటే ఖాళీ ఎలా అయింది?

సందేహం: మా పై పోర్షన్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివే విదేశీ కుర్రాడు అద్దెకుంటున్నాడు. తెలుగు శ్రద్ధగా నేర్చుకుంటున్నాడు. మొన్న మా ఆవిడ "బియ్యం నిండుకున్నాయి బాబూ" అంటే, "చాలా సంతోషం ఆంటీ" అన్నాడు. ఆవిడ ముఖం మాడ్చుకుంది. నిండడమంటే ఖాళీ అవడమా అని అతనడిగితే నాకు జవాబు తోచలేదు. మనమే తప్పు మాట్లాడుతున్నామా?
– ఒక పాఠకుడు, పెదవాల్తేరు

సమాధానం: తప్పు మీ ఆవిడదీ కాదు, కుర్రాడిదీ కాదు. 'నిండు'కి 'కొను' చేరితే నిండుకొను. వండాడు, వండుకున్నాడు లాంటివి అతను చదివే ఉంటాడు. ఆ లెక్కన అర్థం కట్టుకున్నాడు, పాపం.

బియ్యం, పసుపు, కుంకుమ లాంటివి ఇంట్లో 'లేవు' అనడం అశుభమని మన ఆడవాళ్లు ఆ మాట నోట రానివ్వరు. అందుకని ఎదురు మాట వాడతారు. భాషాశాస్త్రంలో దీన్ని సభ్యోక్తి కింద చేరుస్తారు. దీపం ఆరిందనకుండా కొండెక్కిందంటాం. మంగళసూత్రం తెగితే పెరిగిందంటాం. 'వెళ్తాను' అనకుండా 'వెళ్లొస్తాను' అనడమూ ఈ కోవలోదే. (ఇదీ ముందే చెప్పి ఉంచండి, లేకపోతే మీ చుట్టాల కోసం గేటు తీసిపెట్టుకుని కూర్చుంటాడు.) అదే సెల్‌ఫోన్‌లో ఛార్జింగ్ అయితే 'అయిపోయింది' అనే అంటాం. దానికి శుభాశుభాల పట్టింపు లేదు మరి.

ఈ మాట వంటింట్లోంచి పత్రికల్లోకీ వెళ్లింది. 'ఖజానా నిండుకుంది' అని రాస్తే చిక్కు లేదు. విశాఖకి నీళ్లిచ్చే 'మేఘాద్రిగెడ్డ జలాశయం నిండుకుంది' అని రాస్తే మాత్రం వరదొచ్చిందో, కుళాయిలు ఆగిపోతాయో తెలియక మనకే టెన్షన్. నీళ్లు చేరితే 'నిండింది' అని రాయడమే మేలు. ఇక 'నిండుకుండ' తొణకదని సామెత. 'నిండుకున్న' కుండా తొణకదు, కారణం వేరు!

బయటివాళ్ల సందేహాన్ని తేలిగ్గా తీసిపారేయకండి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బడుల తనిఖీ అధికారిగా మన వైపు పనిచేసిన జె.ఎ. యేట్స్ దొరకి, తాను పుస్తకాల్లో నేర్చిన తెలుగు ఒకటి, జనం మాట్లాడేది ఇంకొకటి ఎందుకైందని సందేహమొచ్చింది. విశాఖ ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గిడుగు, గురజాడ దాన్ని పట్టించుకున్నారు. వాడుక భాషా ఉద్యమం అక్కడే రాజుకుంది.

మీ కుర్రాడికి ప్రస్తుతానికి ఇంత చెప్పండి చాలు: ఈసారి ఆంటీ నోట 'నిండుకున్నాయి' అని వినబడితే, సంతోషం అనకుండా సంచీ అందుకోవాలి.