మన ఊరి హాలు చరిత్ర రాసేవాడికి

నాయనా,

కమ్యూనిటీ హాలు చరిత్ర రాస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. శిలాఫలకంతో మాత్రం మొదలుపెట్టకు. రిబ్బను కత్తిరించినవాళ్ల పేర్లే దాని మీద ఉంటాయి గానీ ఇసుక తోలిన బండ్లవాళ్లవీ మేస్త్రీదీ ఉండవు.

మన దివిసీమ పెద్దవాళ్లకు ఏడాదులు గుర్తుండవు. ‘‘ఉప్పెనకు ముందా, తర్వాతా?’’ అని అడుగు, టక్కున చెబుతారు. 1977 నవంబరు 19కి ఇవతలో అవతలో తేలిపోతుంది. తుఫాను షెల్టరుగా కట్టిన దాన్నే పెళ్లిళ్లకు వాడుకుంటున్న ఊళ్లు మన తీరాన ఉన్నాయి. హాలు స్తంభాల మీద ఎత్తుగా ఉంటే ఆ సంగతి తప్పకుండా ఆరా తియ్యి.

చెప్పిందల్లా రాసెయ్యకు. ‘‘ఎనభైలో ఎంపీ నిధులతో కట్టారు’’ అని ఎవరో ఒకరు అంటారు. ఆ పథకం వచ్చిందే 1993 డిసెంబరులో. ఫలకం మీద ‘పంచాయతీ సమితి’ అని ఉంటే అది మండలాలు రాకముందుదే అనుకోవచ్చు. పంచాయతీ తీర్మానాల పుస్తకం చూపించమని కార్యదర్శిని మర్యాదగా అడుగు. చెదలు తినగా మిగిలిన పేజీలనైనా ఫొటో తీసుకో. స్థలం ఊరుమ్మడి గ్రామకంఠమా, ఎవరైనా రాసిచ్చారా అన్నదీ తేల్చుకో. రాసిచ్చి ఉంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు నకలు దొరకొచ్చు. ఈ విషయంలో నోటిమాట నమ్మితే రెండు కుటుంబాల మధ్య తగువు పెట్టినవాడివవుతావు.

అన్నిటికన్నా నాకు నమ్మకమైనవి పాత శుభలేఖలు. ట్రంకుపెట్టెల్లో, దేవుడి గూళ్లలో పసుపు మరకలతో పడి ఉంటాయి. ఇంటి ముందు పందిరి పోయి ‘వేదిక: కమ్యూనిటీ హాలు’ అని ఎప్పటినుంచి అచ్చయిందో చూడు. పెళ్లి ఆల్బాలు కూడా తిరగెయ్యి. వధూవరుల వెనక గోడ రంగు, పైకప్పు, ఫ్యాన్లు కనిపిస్తాయి. ఫొటోగ్రాఫరు వాటికోసం తియ్యలేదులే, మనకు మాత్రం అవే కావాలి.

ఇంకొకటి, అడగడానికి నీకు మొహమాటంగా ఉండొచ్చు. దళితపేట వాళ్ల పెళ్లి ఆ హాల్లో మొదటిసారి ఎప్పుడు జరిగింది? దీన్ని సర్పంచి ఇంటి అరుగు మీద అడగకు, పేటకే వెళ్లి అడుగు. ఆడవాళ్లతో విడిగా మాట్లాడు, మగవాళ్లు పక్కనుంటే వాళ్లే జవాబులు చెప్పేస్తారు. ఈ భాగం లేకుండా రాస్తే నేను చదవను.

ఫలకం ఫొటో పొద్దున్నే, ఎండ పక్కవాటుగా పడేటప్పుడు తియ్యి. సున్నం నిండిన అక్షరాలు అప్పుడే తేలతాయి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న