కార్చిచ్చు కాపలా గదికి నడక: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం నార్త్ కాస్కేడ్స్ కొండల్లో హిడెన్ లేక్ లుకౌట్‌కి (కార్చిచ్చు కోసం కాపలా కాసే శిఖరం మీది గది) జూన్ చివర్లో వెళ్దామనుకుంటున్నామండీ. మంచి బూట్లు, మైక్రోస్పైక్స్ (బూట్ల మీద తొడిగే చిన్న ఇనుప ముళ్ల పట్టీలు) ఉన్నాయి. సరిపోతాయా?

జవాబు: జూన్‌లో సరిపోవు. 1931లో కట్టిన ఆ గది దాదాపు 6,900 అడుగుల ఎత్తులో ఉంది. దారి కింద అడవిలో, పచ్చికలో హాయిగానే సాగుతుంది. చిక్కంతా పైన, శిఖరాల మధ్య పల్లానికి చేరే వాలులో. అక్కడ మంచు జూలైలో చాలాభాగం ఉంటుంది, కొన్నేళ్లు ఆగస్టులోకీ మిగులుతుంది.

మైక్రోస్పైక్స్ చదునుగా ఉన్న గట్టి మంచు మీద బాగా పట్టుకుంటాయి. 30 డిగ్రీల వాలుకు అడ్డంగా నడిస్తే మాత్రం బూటుకున్న రబ్బరు పట్టీ పక్కకు జరిగి, ముళ్లు పాదం కింద ఉండాల్సింది అంచుకు వచ్చేస్తాయి. జారాక ఆపగలిగేది ఐస్ యాక్స్ (మంచులో గుచ్చే చిన్న గొడ్డలి) ఒక్కటే, అదీ దాంతో ఆగడం ముందే సాధన చేసినవాళ్లకు. సంచికి అలంకారంగా కట్టుకున్న ఐస్ యాక్స్ ఎవర్నీ ఆపదు.

ఇంకో ప్రమాదం కంటికి కనిపించదు. ఎండకు వేడెక్కిన బండ చుట్టూ మంచు లోపల్నుంచి కరిగి, పైన పలచటి పొర మాత్రం నిలుస్తుంది. దాని మీద కాలు వేస్తే తొడ దాకా దిగబడుతుంది. వేగంగా దిగుతుంటే మోకాలు విరగొచ్చు. మంచు నుంచి రాతి మీదికి మారే ప్రతిచోటా ముందు కర్రతో గట్టిగా పొడిచి చూడండి.

సమయం లెక్క: పైకి 4 మైళ్లు, ఎక్కుడు 3,300 అడుగులు. గంటకు 3 మైళ్లు, ప్రతి 2,000 అడుగుల ఎక్కుడుకూ అదనంగా గంట అనుకుంటే సుమారు 3 గంటలు వస్తుంది. అది ఎక్కడా ఆగని నడకకు. బండలకూ విశ్రాంతికీ కలిపి 4 గంటలు పెట్టుకోండి. ఎక్కడున్నా సరే మధ్యాహ్నం ఒంటిగంటకు వెనక్కి తిరగాలని కారు దగ్గరే తేల్చుకోండి. శిఖరం కనిపిస్తుండగా ఆ నిర్ణయం ఎవరూ తీసుకోలేరు. గదికి మరమ్మతులు జరుగుతున్నాయేమో బయల్దేరేముందు నేషనల్ పార్కు వెబ్‌సైట్‌లో చూడండి. ఆ పల్లం దాటితే పార్కు హద్దు, కుక్కల్ని తీసుకెళ్లకూడదు.

ప్రశ్న: అదే కొండల్లోని డెసొలేషన్ పీక్ లుకౌట్‌కి ఒక్కొక్కరికి ఎన్ని లీటర్ల నీళ్లు కావాలి?

జవాబు: నాలుగు. రాస్ లేక్ ఒడ్డున పడవ దిగింది మొదలు 6,102 అడుగుల శిఖరం దాకా 5 మైళ్ల లోపే సుమారు 4,400 అడుగులు ఎక్కాలి. 1926 నాటి కార్చిచ్చు తర్వాతే ఆ శిఖరానికి ఆ పేరు వచ్చింది. ఇప్పటికీ ఎండ సూటిగా తగిలే వాలులు చాలా ఉన్నాయి. పైన ఉన్న క్యాంపు దగ్గర మంచు కరిగినన్నాళ్లే నీళ్లు, నడివేసవికల్లా ఎండిపోతాయి. నాలుగు లీటర్లంటే నాలుగు కిలోలు, బరువే. అయినా తగ్గించుకోవాల్సింది నీళ్లు కాదు.

లోపల సన్నటి గొట్టాలుండే నీళ్ల ఫిల్టర్‌ని రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోండి. తడిసింది ఒకసారి గడ్డకడితే లోపలి గొట్టాలు చిట్లుతాయి. నీళ్లు మాత్రం ఎప్పటిలాగే వస్తాయి కాబట్టి పాడైందని తెలియదు.

ప్రశ్న: కొన్ని లుకౌట్లలో గది మధ్యన గుండ్రటి ఇత్తడి పరికరం కనిపిస్తుంది. దాంతో మంట ఎక్కడుందో ఎలా చెప్పేవారు?

జవాబు: అది ఓస్‌బోర్న్ ఫైర్ ఫైండర్. అమెరికా ఫారెస్ట్ సర్వీస్ ఉద్యోగి విలియం ఓస్‌బోర్న్ 1910లలో రూపొందించారు. పళ్లెం మీద మ్యాపు పరిచి ఉంటుంది, సరిగ్గా దాని మధ్య బిందువే మీరు నిలబడ్డ శిఖరం. చుట్టూ 360 డిగ్రీల వలయం. దాని మీద తిరిగే చట్రానికి ఒకవైపు సన్నటి చీలిక, ఎదురువైపు నిలువుగా బిగించిన గుర్రపు వెంట్రుక ఉంటాయి. చీలికలోంచి చూస్తూ వెంట్రుకను పొగ మొదలు మీదికి తేవాలి. పొగ పైభాగం మీద పెడితే గాలి ఎటు లాగితే లెక్క అటు పోతుంది.

ఇలా దొరికేది దిక్కు మాత్రమే. ఇంకో శిఖరం మీది కాపలాదారు తన దిక్కు చెబితే రెండు గీతలూ కలిసిన చోటే మంట. రెండోవాళ్లకు కనబడకపోతే గీత వెంట మ్యాపులోని గట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టి, పొగ ఏ గట్టు వెనక లేస్తోందో తేల్చాలి. ఒక్క డిగ్రీ తప్పితే 10 మైళ్ల దూరంలో సుమారు 920 అడుగుల తేడా! అందుకే పరికరం మట్టంగా ఉందో లేదో, దిక్కు తెలిసిన ఏదో శిఖరం మీద పెట్టి చూస్తే సరైన అంకె వస్తుందో లేదో తరచూ సరిచూసేవారు. కిటికీ చట్రం అడ్డొస్తే పరికరాన్ని పట్టాల మీద పక్కకు జరిపే ఏర్పాటు కూడా ఉంది. వాన వెలిశాక లోయల్లోంచి లేచే పొగమంచు తునకలు అచ్చం పొగలా ఉండి మోసం చేస్తాయి. కాపలాదారులు వాటికి ‘వాటర్ డాగ్స్’ అని పేరు పెట్టారు.

ప్రశ్న: ఉరుములు మొదలైతే లుకౌట్ గదిలో ఉండొచ్చా?

జవాబు: దాన్ని నమ్ముకోవద్దు. కాపలా ఉన్న రోజుల్లో కప్పు మీంచి నేలలోకి రాగి తీగలు దింపేవారు; పిడుగుల వేళ కాపలాదారు, కోళ్లకు గాజు దిమ్మెలు బిగించిన స్టూలు మీద ఉండేవాడు. పాత గదుల్లో ఆ తీగలు తెగాయో, నేలలోకి దిగి ఉన్నాయో చూసి చెప్పలేం. మేఘాలు బలంగా పైకి పెరుగుతుంటే, ఉరుము వినపడకముందే దిగడం మొదలుపెట్టండి. కిందికి వచ్చాక చివరి ఉరుము నుంచి 30 నిమిషాలు ఆగాలి.

ప్రశ్న: రాత్రి గదిలోనే పడుకోవచ్చా? ఎలుకలున్నాయంటున్నారు.

జవాబు: ముందు వచ్చినవాళ్లకే చోటు అనే పద్ధతి నడిచే లుకౌట్లలో పడుకోవచ్చు. ఒక్కో లుకౌట్‌కు ఒక్కో నియమం, చూసుకోండి. 1930లలో ఎక్కువగా కట్టిన ఎల్-4 నమూనా గది 14 అడుగుల చదరం. నలుగురైదుగురితోనే ఇరుకవుతుంది, టెంట్ కూడా తీసుకెళ్లండి. డీర్ మైస్ అనే ఎలుకల పెంటికల దుమ్ము పీలిస్తే హంటావైరస్ అనే ప్రమాదకరమైన వైరస్ సోకవచ్చు కాబట్టి పొడి చీపురుతో ఊడ్చవద్దు. ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతులు నీళ్లు కలిపి తడిపి, అయిదు నిమిషాలు ఆగి, చేతి తొడుగులతో తుడవండి. తిండి సంచిని నేల మీద వదలొద్దు. వెళ్లేటప్పుడు తలుపు గొళ్లెం పడిందో లేదో బయటినుంచి లాగి చూడండి. తెరుచుకుంటే చలికాలం మంచంతా లోపలికి కొట్టి, వసంతానికల్లా నేల చెక్కలు కుళ్లడం మొదలవుతుంది.