శ్రీకాకుళం, విజయనగరం పరిసరాల్లో రంగురంగుల పక్షులను సహజ ఆవాసాల్లో చూడాలంటే ఏ అడవికి వెళ్ళాలి?

పంజరంలో కాకుండా, రంగురంగుల పక్షులను అవి బతికే చోటనే పిల్లలకు చూపించడానికి మన రెండు జిల్లాల్లో ఏ అడవి అనువైనదని మీరు అడిగారు. నేను శ్రీకాకుళంలో ఉంటాను. ఉద్యోగరీత్యా టెక్కలి నుంచి విజయనగరం వరకు చాలా ఏళ్ళుగా తిరుగుతున్నాను. నేను గమనించినంతలో ఇక్కడి మెరిసే రంగుల పిట్టల్లో అధిక భాగం అడవిలో కాదు, పొలం గట్ల మీద, ఏటి ఒడ్డున, ఊరి నడుమ చెట్ల మీద కనిపిస్తాయి. అందువల్ల ఫలానా పక్షి ఎక్కడుందని వెతకడం కంటే, అది గుడ్లు పెట్టడానికి, తిండి సంపాదించుకోవడానికి ఎలాంటి చోటు కావాలో తెలుసుకుని అక్కడికి వెళ్ళడం మేలు.

పాలపిట్టనే తీసుకోండి. దసరానాడు కనిపిస్తే శుభమన్న నమ్మకం వల్ల ఆ ఒక్కరోజు అందరూ దానికోసం చూస్తారు గాని, మిగతా రోజుల్లోనూ అది రోడ్డు పక్క కరెంటు తీగల మీదే కూర్చుని ఉంటుంది. రెక్కలు ముడుచుకుని ఉన్నప్పుడు గోధుమరంగు ఛాతీతో చాలా మామూలుగా కనబడుతుంది కనుక ఎవరూ తల ఎత్తి చూడరు. మిడతను పట్టడానికి నేల మీదికి దిగేటప్పుడు మాత్రం రెక్కల్లోని ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారిగా బయటపడతాయి. వేసవి మొదలయ్యేసరికి ఇది ఆకాశంలోకి లేచి, పల్టీలు కొడుతూ, చెవులు గింగురుమనేలా అరుస్తూ కిందికి దూకుతుంది. ఆ విన్యాసం కనిపించిన చోట చుట్టుపక్కల తల విరిగిన తాటి మోడు ఉందేమో చూడండి, ఎందుకంటే పాలపిట్ట పుల్లలతో గూడు అల్లుకోదు, తొర్రల్లోనే గుడ్లు పెడుతుంది. పనికిరానిదని మనం కొట్టేసే మోడు దానికి పురిటిల్లు. రామచిలుకలకూ గోరింకలకూ అలాంటి తొర్రలే కావాలి. (2018లో మన రాష్ట్ర పక్షిగా పాలపిట్ట స్థానంలో రామచిలుకను ప్రకటించారు, పాలపిట్ట తెలంగాణకు రాష్ట్ర పక్షిగా ఉంది. తొర్రల దగ్గర ఈ రెండింటికీ జరిగే తగాదాలు చూసినవాణ్ణి కనుక ఆ వార్త చదివి నవ్వుకున్నాను.)

ఇక్కడ వెలుతురు గురించి ఒక మాట చెప్పాలి. పాలపిట్ట ఈకలో నీలిరంగు పదార్థం ఏదీ ఉండదు. ఈకలోని అతి సన్నని నిర్మాణం మీద కాంతి పడి చెదిరినప్పుడు మనకు నీలం కనిపిస్తుంది. ఎదురు వెలుతురులో అదే పిట్ట నల్లటి నీడలా ఉంటుంది. కాబట్టి ఉదయం పూట, సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి. చాలామంది బైనాక్యులర్స్ మీద పెట్టే శ్రద్ధ దీని మీద పెట్టరు.

లకుముకి పిట్టకు, ఆకుపచ్చని పసిరిక పిట్టకు చెట్టుతో కాదు, మట్టి గట్టుతో పని. రెండూ నిట్టనిలువుగా తెగిన గట్టులోకి అడ్డంగా సొరంగం తవ్వి, దాని చివర గుడ్లు పెడతాయి. నాగావళి, వంశధార ఒడ్డున వేసవి ముందు నెలల్లో ఇసుక కలిసిన గట్లలో గుండ్రని రంధ్రాలు కనబడితే దూరంగా కూర్చుని కాసేపు ఓపిక పట్టండి. పసిరిక పిట్ట తేనెటీగను పట్టి, కొమ్మకేసి బాది, ముల్లు పోగొట్టి గాని మింగదు. పిల్లలకు ఇంతకంటే మంచి దృశ్యం నేను చూపించలేను. మట్టికోసం గట్లు తవ్వేసిన చోట మాత్రం ఈ పిట్టలు మరుసటి ఏడు రాలేదు. విజయనగరం వైపు మామిడి తోటల్లో తల నల్లగా, ఒళ్ళంతా పసుపుగా ఉండే వంగపండు పిట్ట ఉంటుంది, అయితే ఆకుల చాటున తిరుగుతుంది కనుక ముందు గొంతు వినిపిస్తుంది.

ఇక అందరూ చెప్పే తేలినీలాపురం. టెక్కలి మండలంలోని ఈ ఊరికి సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గూడబాతులు (పెలికాన్‌లు), పెయింటెడ్ స్టార్క్‌లనే ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి, పిల్లలను పెంచుకుని, మార్చి, ఏప్రిల్ నాటికి వెళ్ళిపోతాయి. రంగుల కోసం వెళ్ళేవారు చూడవలసినది ఎర్రకాళ్ళ కొంగను: పసుపు ముక్కు, నారింజరంగు బోడి ముఖం, వెనుక భాగంలో గులాబీ ఈకలు. ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని ఊళ్ళో, పత్రికల్లో తరచుగా వినిపిస్తుంది, కాని అది నిజం కాదు. ఈ రెండు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియాలకు చెందినవే, నీటినీ చేపలనూ అనుసరించి చోటు మారుతుంటాయి. ఎర్రకాళ్ళ కొంగ లోతు తక్కువ నీటిలో నడుస్తూ, తెరిచిన ముక్కును నీటిలో అటూ ఇటూ ఆడించి, తగిలిన చేపను పట్టేస్తుంది. అందుకే దానికి గూటి చెట్టు ఒక్కటే ఉంటే చాలదు, దగ్గరలో నౌపడ వైపు ఉన్నలాంటి తంపర నేలలు, అంటే నీరు నిలిచే చిత్తడి నేలలు కూడా ఉండాలి. గ్రామస్థులు వీటి రాకను శుభంగా భావించి ఎవరినీ వేటాడనివ్వరు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే నత్తగుల్లల కొంగలు వానలతోపాటు వచ్చి, చలికాలం మొదట్లో పోతాయి. వాటిలో రంగు తక్కువ.

దసరా రోజుల్లో పాలపిట్టను పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవారు ఎదురైతే దయచేసి ఇవ్వకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని గాని, రామచిలుకను గాని పట్టి ఉంచడం నేరం, అటవీశాఖకు తెలియజేయవచ్చు.

మీకు ఒక్కరోజే వీలైతే, జనవరిలో తెల్లవారుజామున శ్రీకాకుళంలో బయలుదేరి, దారిలో పాలపిట్టల కోసం తీగలు చూసుకుంటూ తేలినీలాపురం చేరుకోండి. ఆ నెలలో గూళ్ళలో పిల్లలుంటాయి కనుక తల్లిపక్షులు మేతతో వచ్చిపోవడం కనిపిస్తుంది. చెట్ల కిందికి వెళ్ళకండి; పక్షులు బెదిరితే గూళ్ళలోని పిల్లలు కింద పడే ప్రమాదముంది, పైనుంచి రెట్టలు కూడా పడతాయి, టోపీ తప్పనిసరి.