తవ్వకానికి వెళ్తున్న మనవరాలికి

గార,
ఆదివారం

బుజ్జమ్మకి తాత ఆశీస్సులు.

నువ్వు పురావస్తు చదువులో చేరావని, వచ్చే నెల తవ్వకానికి పోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పట్నుంచి మీ అమ్మమ్మకి నిద్ర లేదు, నాకు కాలు నిలవడం లేదు. ముప్పై ఏళ్ళు తవ్వకాల్లో తట్ట మోసి, మేస్త్రీగా దిగిపోయినవాడి మనవరాలు పుస్తకం పట్టుకుని అదే గుంతలోకి దిగుతుందంటే చిన్న మాటా?

టోపీ, నీళ్ళ సీసా, బూట్లు, ఇవి వేరే చెప్పక్కర్లేదు. గుంత నడుం లోతు దాటాక మాత్రం అంచున నిలబడకు. తవ్విన మట్టి అంచున పొయ్యనివ్వకు. వాన కురిసిన మర్నాడు లోపలికి దిగకు, సారు దిగమన్నా సరే. "మా తాత ఒప్పుకోడు" అను. నవ్వితే నవ్వనీ. తడిసిన గోడ చప్పుడు చేసి జారదమ్మా.

చిన్నప్పుడు నిన్ను పాత బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండ ఎక్కిస్తే "ఇంత పెద్ద ఇటుకలేటి తాతా" అన్నావు, గుర్తుందా? మన గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో ఆనవాలు పట్టిన చోటు అది. అక్కడ బ్రాహ్మీ అనే పాతకాలపు లిపిలో అక్షరాలున్న కుండపెంకులు కూడా దొరికాయి. పెంకుని చిన్నచూపు చూడకు. బంగారమైతే కరిగించి మళ్ళీ నగ చేయించుకుంటారు. పగిలిన కుండని ఎవడు మోసుకుపోతాడు? పడ్డచోటే పడుంటుంది.

కింద పొర పాతది, పై పొర కొత్తది. ఏం దొరికిందన్నదాని కంటే ఏ పొరలో దొరికిందన్నదే ముఖ్యం. గుంతకీ గుంతకీ మధ్య గట్టు వదిలేది ఆ పొరలు గోడ మీద చూసుకోడానికే. బొగ్గు దొరికితే చేత్తో ముట్టుకోకు, తాపీ మొనతో తీసి రేకు కాగితంలో చుట్టు. అందులో కార్బన్-14 సుమారు 5730 ఏళ్ళకి సగానికి తగ్గుతుందట, ఆ లెక్కతో వయసు కడతారు. చీటీలు పెన్సిల్‌తో రాయి, సిరా చెమ్మకి చెదిరిపోద్ది. ఇవన్నీ మీ సార్లు నాకంటే బాగా చెప్తారు. గోళీ సంగతి మాత్రం నేనే చెప్పాలి.

నేను మేస్త్రీనైన రెండో ఏడు. ఏ ఊరో అడక్కు. నాలుగో పొరలో ఉన్నాం, లోపల నలుపు, బయట ఎరుపు పెంకులు పడుతున్నాయి. ఓ మూల మాత్రం మట్టి మెత్తగా ఉంది, తాపీ పెట్టగానే దిగిపోతోంది. పని చకచకా సాగుతోందని సంబరపడ్డాను గానీ, ఇక్కడే ఎందుకు మెత్తగా ఉందిరా అని నన్ను నేను అడగలేదు. ఆ పెంకులూ ఈ పెంకులూ ఒకే సంచిలో పోశాను. సాయంత్రం జల్లెడలో ఏటి తేలిందో తెలుసా? సోడా సీసాలో గోళీ! పచ్చగా మెరుస్తా.

ఎవరో ఎప్పుడో పైనుంచి చెత్తగొయ్యి తవ్వి పూడ్చేశారు. అది మూడు పొరలు కోసుకుని నాలుగోదాన్లోకి దిగింది. మూడు పొరల్లోనూ దాన్ని చూడకుండానే దాటొచ్చామన్నమాట. సరే, అది ఒక తప్పు. గోళీ తీసి జేబులో వేసుకోవడం దానికి తాత. పని పోతుందని భయం. అప్పటికి మీ అమ్మ చంటిపిల్ల.

మూడు రోజులు అన్నం సయించలేదు. సారు లాంతరు పెట్టుకుని ఆ సంచిలో పెంకులకే బొమ్మలు గీసుకుంటున్నారు. నాలుగో రాత్రి ఇక చూడలేక గోళీ తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆయన తిట్టలేదు. బొమ్మలన్నిటి మీదా అడ్డగీత కొట్టి, సంచి మీద "పొర తెలియదు" అని రాసి పక్కన పెట్టారు. తిట్టినా బాగుండేది. మర్నాడు పొద్దు పొడుస్తుండగా నన్ను గుంతలోకి తీసుకెళ్ళి గోడ మీద నీళ్ళు చిలకరించారు. ఏటవాలు ఎండలో గొయ్యి అంచు బొగ్గుతో గీసినట్టు కనపడింది.

కాబట్టి మట్టి రంగు మారినా, మెత్తబడినా చెయ్యి ఆపెయ్. గొయ్యి మట్టి ముందు విడిగా తీసి, వేరే సంచిలో వేసి, అప్పుడు పొర జోలికి పో. ఏదైనా పొరపాటు చేస్తే ఆ సాయంత్రమే చెప్పెయ్, నాలా మూడు రోజులు ఆగకు. తిడితే నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఎత్తుతాను.

అమ్మమ్మ చేగోడీలు కట్టింది. డబ్బా అడుగున పెన్సిళ్ళున్నాయి, గుడ్డ మూటలో ఆ గోళీ ఉంది. సారు ఆరోజే నా చేతిలో పెట్టేశారు. పారేసుకోకు.

ఇట్లు,
తాత